గడీ ముంగట పిట్టల దొర

టొమేనియా నియంత హింకెల్ ఇంటికి బాక్టీరియా నియంత నెపలోని చుట్టపుచూపుగా వస్తాడు. వచ్చినవాడు తనకంటే కింద కూర్చోవాలని హింకెల్ పొట్టి కుర్చీ వేయిస్తాడు. నెపలోని మాత్రం బల్లెక్కి కూర్చుంటాడు. క్షవరం కుర్చీల దగ్గర పంతం ఇంకా ముదురుతుంది. ఒకడు మీట తిప్పి తన కుర్చీ లేపుకుంటే, రెండోవాడు మరో జానెడు లేపుకుంటాడు. యూరప్‌ను వణికించిన ఇద్దరు మొనగాళ్లను చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’లో అలా కప్పుకేసి ఎక్కించాడు.

ఎవరు పైన, ఎవరు కింద అనే ఆ లెక్క తెలంగాణలోని జనగామకు కొత్త కాదు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి అప్పట్లో దాదాపు 40 వేల ఎకరాలు. దొర ముందు రైతు నేల మీదే కూర్చోవాలి. గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతికి రావాలి. బట్టలుతికేవాడు, కుండలు చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, అందరిదీ వెట్టే. అంత కట్టడి ఉన్న పల్లెల్లోనే ఒకడు నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, భుజాన కట్టె తుపాకీతో దర్జాగా తిరిగాడు. వాడే పిట్టల దొర అనే వేషగాడు. తుపాకి రాముడన్నా, లత్కోర్ సాబ్ అన్నా వాడే.

ఆ వేషం చూడండి. ఖాకీ బట్టలు, రంగు వెలిసిన కోటు, పతకాలకు బదులు సోడా మూతల దండ. ఇక మాటలంటారా, కోతలే. చెరువులో మిద్దె కట్టానంటాడు, మబ్బుల మీద మడి దున్నానంటాడు. అన్నిటికంటే పెద్ద తమాషా వాడి దానగుణం. తనకు సెంటు భూమి లేదు, ఎదుటివాడికి మాత్రం ఊళ్లకు ఊళ్లు ఇనాం రాసిచ్చేస్తాడు. తనది కాని భూమిని పంచిపెట్టేవాణ్ని చూసి జనం ఎందుకంతగా నవ్వారో వేరే చెప్పాలా? దొరల పోకడను, తెల్లదొరల డాబును ఎగతాళి చేయడానికే ఈ వేషం పుట్టిందంటారు. నా లెక్కలో ఆ బూట్లే అసలు వెక్కిరింత. నిజమైన రైతుకు చెల్లనిది వేషగాడికి చెల్లింది. పైగా అదే దొర ఇంట వడ్లు అడుక్కుని మరీ పోయాడు!

హింకెల్ వేషంలో తాను వెక్కిరించిన హిట్లర్ ఎదుట నిలబడి ఆడే అవసరం చాప్లిన్‌కు రాలేదు. ఇద్దరూ 1889 ఏప్రిల్‌లో నాలుగు రోజుల తేడాతో పుట్టారు, ఇద్దరివీ ముక్కు కింద పొట్టి మీసాలే. సినిమా 1940 అక్టోబరులో విడుదలైంది. నాజీ శిబిరాల ఘోరాలు ముందే తెలిసుంటే దాన్ని తీయగలిగేవాణ్ని కానని చాప్లిన్ 1964లో ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మాట దగ్గర నాకు పిట్టల దొరే గుర్తొస్తాడు. వాడికీ, వాణ్ని చూసినవాళ్లకీ తెలియనిదేమీ లేదు. పొద్దున వెట్టి చేసినవాడే సాయంత్రం ఆ కోతలకు కడుపుబ్బ నవ్వాడు. సంగతి తెలిసి నవ్విన నవ్వు అది.

అలాగని నవ్వుకు గడీలు కూలలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దొర మనుషులకు దక్కకుండా కోసి ఇంటికి చేర్చింది దొరలను ఎదిరించిన సంఘం వలంటీర్లు. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ గూండాల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తూటా కట్టె తుపాకీది కాదు.

తెలుగు సినిమా దొరను చూపినప్పుడు నవ్వు జోలికి పోలేదు. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ దొరల మీద రైతుల పోరాటాన్ని చెప్పింది. బి.నర్సింగరావు ‘దాసి’ గడీ లోపలి నరకాన్ని చూపింది. రెండూ గొప్ప సినిమాలే. కానీ దొరను కుర్చీ మీటతో ఆడించే హాస్యం మనకింకా బాకీ. 2019లో బిత్తిరి సత్తి హీరోగా ‘తుపాకీ రాముడు’ వచ్చింది, పేరైతే దొరికింది.

ఇక పిట్టల దొర వాకిళ్లు వదిలి వేదికలెక్కాడు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం ఆటపాటల సభల్లో ఆడాడు. అక్షరాస్యత, పారిశుద్ధ్య ప్రచారాల్లో కనిపించాడు. అక్కడ వాడి చేతికి కాగితం ఇస్తారు, అందులో ఉన్నదే చెప్పమంటారు. కోతలు కోయడమే కొలువైనవాడు సర్కారు లెక్కలు అప్పజెబుతుంటే ఎదురుగా కూర్చున్న ముసలాయన, ‘ఏం దొరా, ఈసారి ఇనాం ఏదీ?’ అని అడిగితే, కాగితంలో దానికి జవాబుండదు.