చేతిని కాదు, అడుగును చూడాలి

‘చెయ్యి వణికితేనే పార్కిన్సన్స్’ అన్న నమ్మకం గోదావరిఖనిలోనూ ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. కానీ ఈ జబ్బు ఉన్నా అసలు వణుకే రానివాళ్లు ఉన్నారు. ఒళ్లు బిగుసుకుపోయి, పనులు నెమ్మదించే జబ్బులు ఇంకా కొన్ని ఉన్నాయి. అన్నిటినీ కలిపి పార్కిన్సనిజం అంటారు. ఏది ఏదో తేల్చడానికి నరాల డాక్టర్లు కాళ్లను కూడా అంతే శ్రద్ధగా గమనిస్తారు.

నేల మీద గీత ఉందనుకుని, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు ఆనేలా పది అడుగులు వేయమంటారు. మామూలు పార్కిన్సన్స్ మొదటి ఏళ్లలో చాలామంది మెల్లగానైనా గీత తప్పకుండా నడుస్తారు. కాలు పక్కకు పడిందా, మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ వంటి జబ్బులనూ అనుమానించాలి. తర్వాత డాక్టర్ వెనక నిలబడి, ముందే చెప్పి, భుజాలు పట్టి వెనక్కి లాగుతారు. ఒకటి రెండు అడుగులతో నిలదొక్కుకుంటే ఫర్వాలేదు. ఇంట్లో మాత్రం ఎవరూ ఇలా లాగి చూడకూడదు.

సైకిల్ తొక్కి షిఫ్టుకు పోయిన సింగరేణి బొగ్గు గనుల తరానికి ఇంకో ప్రశ్న బాగా పనికొస్తుంది: సైకిల్ ఎప్పుడు మానేశారు, ఎందుకు? జబ్బుకు ముందు సైకిల్ తొక్కినవాళ్లను నెదర్లాండ్స్ వైద్యులు ఇదే అడిగి 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. జబ్బు మొదలయ్యాక మానేసినవాళ్లు పార్కిన్సన్స్‌లో నూటికి నలుగురే, తక్కిన రకాల్లో సగానికి పైగా. అయితే కొడుకు బండి కొనిచ్చాడనో, మోకాళ్ల నొప్పులనో మానేస్తే అది లెక్కలోకి రాదు.

‘బొగ్గు బాయి పని చేసినందుకే ఈ వణుకు’ అన్నది ఇంకో అపోహ. బొగ్గు దుమ్ము దెబ్బతీసేది ఊపిరితిత్తులను. పార్కిన్సనిజం తెచ్చే ఖనిజం మాంగనీసు. దాన్ని పొడి చేసే కూలీలు తూలుతూ నడవడాన్ని గ్లాస్గోలో జాన్ కూపర్ 1837లోనే రాశాడు.

స్కాన్ తీస్తే తేలిపోతుందనుకుంటారు. కానీ పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్‌ఐ చాలాసార్లు బాగానే కనిపిస్తుంది.

అన్నిటికన్నా బాధపెట్టేది, ‘వయసు మీద పడింది, తూలుతున్నాడు’ అని వదిలేయడం. ఆ తూలుడుకు కారణం వాడే మాత్రలూ కావచ్చు: కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వేసుకునే సిన్నరిజిన్, గ్యాస్ మాత్రల్లో ఉండే లీవోసల్పిరైడ్ కూడా పార్కిన్సనిజం తెచ్చిపెట్టవచ్చు. డాక్టర్‌ను అడిగి ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. అందుకే ఆస్పత్రికి పోయేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకోవాలి.

మొదటిసారి ఎప్పుడు పడ్డారో, ముందుకా వెనక్కా అన్నదీ రాసి పెట్టుకోవాలి. జబ్బు మొదలైన ఏడాదిలోపే వెనక్కి మొద్దులా పడిపోవడం, మెట్లు దిగుతూ కిందికి చూడలేకపోవడం ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీకి గుర్తులు. పార్కిన్సన్స్‌లో పడిపోవడాలు సాధారణంగా ఏళ్ల తర్వాత గానీ మొదలుకావు.