టీకాల కార్డే సాక్ష్యం

"చెరుకు కొట్టుకుంటూ తిరిగేదానికి పిల్లెందుకు?" అత్తింటివాళ్ల వాదన ఇదే.

2015లో నిజాం షుగర్స్ మూతపడకముందే నాందేడ్ వైపు నుంచి బోధన్‌కు కూలికొచ్చి అక్కడే ఉండిపోయిందామె. మూడేళ్ల కూతుర్ని భర్త సరిహద్దు దాటించేశాడు. "పైసల్లేవు వకీలమ్మా" అంటూ నిజామాబాద్‌లో నా దగ్గరకొచ్చింది.

ఫీజుదేముంది? 1987 చట్టం కింద ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా, న్యాయ సహాయం ఉచితం. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం చెబుతోంది.

చిక్కల్లా వేరే. 1890 నాటి గార్డియన్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఉండే ఊరి జిల్లా కోర్టులోనే పిటిషన్ వేయాలి. వలస కూలీకి ఊరేది? రేషన్ కార్డు లేదు, అద్దె రసీదు లేదు.

కొంగుముడిలోంచి మడతలు పడ్డ టీకాల కార్డు తీసింది. సూదులన్నీ బోధన్‌లోనే! అంగన్‌వాడీ రిజిస్టర్లోనూ పాప పేరుంది. పిటిషన్ నిజామాబాద్‌లోనే నిలిచింది. పాపను తల్లికే ఇచ్చారు. తండ్రి నెలకు రెండు ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చు.