రెండు తీగెల మీద వంతులు

బోదె నీటికి వంతులుండడం డెల్టా రైతులకు కొత్తగాదు. కంప్యూటర్ బోర్డు మీది చిప్‌లకూ అటువంటి వంతులే! ఫిలిప్స్ వారు 1982లో తెచ్చిన "ఐ స్క్వేర్డ్ సి" పద్ధతిలో రెండే తీగెలు: ఒకటి లయ చూపేది, రెండోది కబురు మోసేది. ప్రతి చిప్‌కూ ఓ నెంబరు. ఏ నెంబరును పిలిస్తే అదే పలకాలి. పిలిచేది డ్రైవరు. దాని కాపురం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నెల్‌లో.

ఏ చిప్ ఎక్కడుందో తెలియక అన్ని నెంబర్లూ తట్టి చూస్తేనో? 2000 దశకం ఆరంభంలో లైనక్స్‌లో ఇట్లాగే తట్టితే, 24ఆర్‌ఎఫ్08 అనే మెమరీ చిప్ తికమకపడి తనలోని రాతను పాడుచేసుకుంది. కొన్ని థింక్‌ప్యాడ్‌లు మరి లేవలేదు! విరుగుడుగా ఆ వరుస నెంబర్లను మరోసారి పిలిచే లైను చేర్చారు. చూడ్డానికి దండగ పనే. నన్నడిగితే ఆ లైను కన్నా దాని పక్కన "24ఆర్‌ఎఫ్08 పాడవకుండా" అని రాసిన మాటే విలువైనది. అది లేకుంటే తర్వాత వచ్చినవాడు శుభ్రం చేస్తున్నాననుకుని ఆ లైను ఎప్పుడో తీసేసేవాడు.