ఫోనులో పోలీసు దండోరా

పిల్లలూ, మన తెలుగు పల్లెల్లో ఒకప్పుడు ఏ కబురైనా ఊరందరికీ చెప్పాలంటే దండోరా వేయించేవారు. డప్పు కొడుతూ ఒక మనిషి వీధివీధీ తిరిగి, కూడలిలో ఆగి, చెప్పవలసింది గట్టిగా చెప్పి ముందుకు సాగిపోయేవాడు. వినడమే ఊరివాళ్ళ పని. ఎదురు ప్రశ్న అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడు పోలీసు శాఖలు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో, నిన్నమొన్నటి దాకా ట్విట్టర్ అని పిలిచిన ఎక్స్‌లో చేస్తున్నది కూడా పైకి దండోరాలాగే కనిపిస్తుంది. ఒక్క తేడా మాత్రం ఉంది. ఈ దండోరాకు మనం తిరిగి మాట చెప్పవచ్చు. ఆ మాట వినే మనిషి అవతల ఉన్నాడా, విన్నాక కదులుతాడా అన్నదే అసలు సంగతి.

మనలాంటి బదిలీ కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. ఉత్తర్వు రాగానే సామాన్లు కట్టుకుని మూడు నాలుగేళ్ళకొక ఊరు మారేవాళ్ళం. కొత్త ఊళ్ళో పాలవాడు ఎవరో, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుందో వారం రోజుల్లో తెలుసుకుంటాం. పోలీసు ఠాణా ఎక్కడుందో మాత్రం అవసరం వచ్చేదాకా ఎవరమూ అడగం. అవసరం వచ్చిన రోజున అక్కడి భాష మనకు రాదు. సొంత ఊళ్ళో అయితే ఠాణాకు తోడు వచ్చే మామయ్యో, బాబాయో ఉంటారు. ఇక్కడ ఎవరున్నారు? అందుకే పోలీసువారి పేజీ ఎలా పనిచేస్తుందో, ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకుని ఉండటం మనకు మిగిలినవాళ్ళ కంటే ఎక్కువ అవసరం.

మన దేశంలో ఈ పనికి ముందుగా పేరొచ్చింది ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులకు. 2010లో కామన్వెల్త్ క్రీడలకు కొద్ది నెలల ముందు వాళ్ళు ఫేస్‌బుక్ పేజీ తెరిచారు. ఎక్కడ వాహనాలు ఆగిపోయాయో చెప్పడానికి తెరిస్తే, జనం హెల్మెట్ లేనివాళ్ళవీ, ఎర్ర దీపం దాటినవాళ్ళవీ ఫొటోలు తీసి అందులో పెట్టసాగారు. బండి నెంబరు చూసి వందల చలానాలు పంపారు. తప్పు చేసిన పోలీసుల ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. దండోరా వేసేవాడికి ఊరివాళ్ళు ఎదురు దండోరా వేసినట్టయింది.

తరువాత ఒక్కొక్క శాఖ ఒక్కొక్క దారి పట్టింది. ముంబై పోలీసులు 2015 డిసెంబరులో ట్విట్టర్‌లోకి వచ్చి చమత్కారాలతో ఆకట్టుకున్నారు. కేరళ పోలీసుల ఫేస్‌బుక్ పేజీ మలయాళ సినిమా బొమ్మలతో నవ్విస్తూ, 2019 మొదటికల్లా పది లక్షల మందిని దాటింది. హైదరాబాద్ పక్కనున్న సైబరాబాద్ పోలీసులు తెలుగు సినిమా సన్నివేశాలతో హెల్మెట్, సీటు బెల్టు పాఠాలు చెబుతుంటారు. మన తెలుగువాళ్ళకు సినిమా మాట చెబితే ఎంత త్వరగా ఎక్కుతుందో వాళ్ళకు బాగా తెలుసు! నవ్వించడంలో తప్పు లేదు. ఖాకీ చొక్కా చూస్తే భయపడే మనిషి, నవ్వాక ఒక ప్రశ్న అడగడానికి ధైర్యం తెచ్చుకుంటాడు. కానీ ఎన్ని లక్షల మంది చూశారన్న లెక్క దండోరా లెక్కే. ఎందరి ప్రశ్నకు జవాబు దొరికిందన్నది వేరే లెక్క. మాకు ఆ రెండోదే ముఖ్యంగా తోస్తుంది.

ఆ రెండో పని ఎలా జరుగుతుందో చూద్దాం. పెద్ద నగరాల్లో కమిషనర్ కార్యాలయంలో దీనికోసం ఒక గది ఉంటుంది. అక్కడ వంతులవారీగా కూర్చునే సిబ్బంది వచ్చిన ప్రతి మాటనూ చదివి, అది ట్రాఫిక్ సంగతా, సైబర్ మోసమా, ఫలానా ఠాణా పరిధిలోని గొడవా అని వేరుచేసి సంబంధిత అధికారికి పంపుతారు. మనకు ముందుగా వచ్చే జవాబు చాలాసార్లు ఒకేలా ఉంటుంది: మీ ఫోన్ నెంబరు, స్థలం వివరాలు విడిగా సందేశంలో పంపండి అని. కొందరు దాన్ని తప్పించుకునే మాట అనుకుంటారు. కాదు. మీ చిరునామా, మీ చెల్లెలి స్కూలు పేరు అందరూ చదివే చోట ఉండకూడదనే అలా అడుగుతారు. ఫిర్యాదు చేసే తొందరలో ఇంటి నెంబరు నుంచి ఆధార్ దాకా అన్నీ బహిరంగంగా రాసేసే పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా అలా రాస్తుంటే మెల్లగా చేయి పట్టుకుని ఆపండి.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పోలీసు పేజీలో రాసిన మాట ఎఫ్.ఐ.ఆర్. కాదు. ఎఫ్.ఐ.ఆర్. అంటే నేరం గురించి పోలీసులు మొదట నమోదు చేసే సమాచారం. కేసు అక్కడి నుంచే మొదలవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ విషయంలో రెండు మేళ్ళు చేసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఇవ్వవచ్చు. అలా ఇచ్చినవారు మూడు రోజుల్లోగా సంతకం చేస్తేనే అది నమోదవుతుంది. అంటే ఫోనులో మొదలైన మాట కాగితం మీద సంతకంతోనే కేసవుతుంది. నమోదైన దాని నకలు ఉచితంగా ఇవ్వాలి.

మొదటి మేలు మనకోసమే రాశారా అనిపిస్తుంది. బదిలీ మీద ఢిల్లీ నుంచి విజయవాడ వస్తున్నారనుకోండి. సూట్‌కేసు నాగపూర్ దాటాక ఎక్కడో పోయింది, సంగతి బల్లార్షాలో తెలిసింది, దిగేది విజయవాడలో. ఇది మా పరిధి కాదని ఎవరూ తిప్పి పంపకూడదు. దిగిన చోట రాసి ఇస్తే నమోదు చేసుకుని, జరిగిన చోటికి వాళ్ళే పంపాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. బండి నడుస్తుండగా చెప్పుకోవడానికి రైల్వేవారి 139 ఉంది.

ఇదంతా నగరాల కథ. వాట్సాప్ తప్ప వేరేది తెలియని పల్లెలో పోలీసు పేజీ ఏం చేయగలదు? దీనికి జవాబు మన తెలుగు నేల మీదే, కృష్ణా తుంగభద్రల నడుమనున్న జోగులాంబ గద్వాల జిల్లాలో దొరికింది. అక్కడివాళ్ళు ఆ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు.

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశమంతటా వాట్సాప్‌లో వదంతులు లేచాయి. అప్పుడు తిరిగిన ఒక వీడియో సంగతి వినండి. మోటారుసైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూస్తే గుండె ఆగుతుంది. నిజానికి అది పిల్లల భద్రత గురించి పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ ఇద్దరూ పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. ఆ కత్తిరింపుతో జాగ్రత్త చెప్పే చిత్రం భయం పుట్టించేదిగా మారిపోయింది.

ఆ భయానికి బలైనవాళ్ళు ఎవరో గమనించండి. జూన్‌లో అస్సాంలోని కార్బి ఆంగ్‌లాంగ్‌లో జలపాతం చూడటానికి వెళ్ళిన ఇద్దరు గువాహటి యువకులు. జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో, ఊరూరా తిరిగి యాచించుకునే ఐదుగురు. వాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు. ఆ ఊరివాళ్ళు కాకపోవడమే నేరమైంది. ఆ ఏడాది దేశంలో ఇలా ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఏ ఊరికి వెళ్ళినా మొదట్లో కొత్తవాళ్ళుగా ఉండే మనకు ఈ సంగతి వేరుగా తగులుతుంది.

అప్పుడు గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి. ఆమెది కేరళ, వేరే రాష్ట్రం నుంచి ఉద్యోగం మీద వచ్చినవారే. ఎండాకాలం రాత్రుళ్ళు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే పల్లె జనం, పొద్దు గూకగానే తలుపులు బిగించుకుంటున్నారని కానిస్టేబుళ్ళు ఆమెకు చెప్పారు. ఈ కబురు ఏ యంత్రమూ చెప్పలేదు. ఊళ్ళకు వెళ్ళివచ్చే మనిషి కళ్ళతో చూసి చెప్పాడు.

ఆమె ఏం చేశారంటే, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క పోలీసును బాధ్యుడిగా పెట్టారు. ఆ మనిషి ఊరికి తరచూ వెళ్ళి ఇళ్ళవాళ్ళతో మాట్లాడాలి. ఊరి వాట్సాప్ బృందాల్లో ఆయన నెంబరు కూడా ఉండాలి. అనుమానం కలిగించే వీడియో వస్తే జనం ఆయనకు పంపి ఇది నిజమేనా అని అడగవచ్చు. కొత్త మనిషి కనిపిస్తే చేయి చేసుకోకుండా ఆయనకు ఫోన్ చేయాలి. వీటితోపాటు పోలీసులు జానపద కళాకారులను వెంటబెట్టుకుని ఊరూరా డప్పులతో పాటలు పాడించారు. ఫోనులో వచ్చిన అబద్ధానికి విరుగుడు డప్పు! చదవడం రాని ముసలమ్మకు కూడా చేరేది అదే కదా. ఆమె పరిధిలోని దాదాపు 400 గ్రామాల్లో ఆ వదంతి వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

వాట్సాప్ సంస్థ కూడా ఆ జులైలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అది మంచిదే. కానీ ఆ పల్లెల్లో జనం ఆ పోలీసు మాట నమ్మింది ఆయన వాళ్ళకు అప్పటికే తెలిసిన మనిషి కాబట్టి. ఆయన పంపిన ఒక్క వాక్యం అందుకే పనిచేసింది.

అన్ని శాఖలూ ఇంత బాగా చేస్తాయని చెప్పలేం. నవ్వించే తొందరలో పట్టుబడిన మనిషిని వెక్కిరించే పోస్టులు వస్తుంటాయి. నేరం రుజువు కాకముందే ముఖం చూపించి లక్షల మందితో నవ్వించడం మాకు నచ్చదు. అది కోర్టు పని, మీమ్ పని కాదు. పిల్లల విషయంలో చట్టమే గట్టిగా ఉంది. తప్పు చేసిన బాలుడైనా, అన్యాయానికి గురైన బాలికైనా, పేరు గానీ ఫొటో గానీ స్కూలు గానీ బయటపెట్టకూడదని బాలన్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఈ మాట పోలీసులకే కాదు, మీ తరగతి వాట్సాప్ బృందానికీ వర్తిస్తుంది. ఇక విధుల్లో ఉండి యూనిఫారంలో రీల్స్ చేసే మోజు పెరగడంతో ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖ 2023 ఫిబ్రవరిలో తన సిబ్బందికి ప్రత్యేకంగా నియమాలు పెట్టవలసి వచ్చింది.

పోలీసుల మాట ఫోనులోకి వచ్చాక, పోలీసు వేషం కూడా ఫోనులోకి వచ్చింది. యూనిఫారం వేసుకున్న మనిషి వీడియో కాల్‌లో కనిపించి, మీ పేరున వచ్చిన పార్సెల్‌లో మత్తుమందులు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఫోన్ పెట్టేయకుండా గదిలోనే కూర్చుని డబ్బు పంపండి అంటాడు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో విచారణ పేరుతో డబ్బు అడగడు. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఇలాంటి కాల్ వస్తే భయపడిపోయేది ఎక్కువగా ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. మీ తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ మీకు దూరంగానే ఉంటారు కదా. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కుల సంగతితో పాటు ఇదీ చెప్పండి. ఆ నెంబరు గోడ కేలెండరు మీద పెద్ద అంకెలతో రాసుకోమనండి.

అసలు పోలీసు పేజీని ఎలా గుర్తుపట్టాలని మీలో కొందరు అడుగుతారు. ఎక్స్‌లో నీలం టిక్కు ఇప్పుడు డబ్బు కట్టి ఎవరైనా తెచ్చుకోవచ్చు; ప్రభుత్వ ఖాతాలకు బూడిద రంగు టిక్కు ఇస్తారు. అన్నిటికన్నా నమ్మకమైన దారి, రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైటు తెరిచి అక్కడున్న లింకు నొక్కి పేజీకి వెళ్ళడం. పదమూడేళ్ళు నిండనివారికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలే ఉండకూడదు కాబట్టి చిన్నవాళ్ళు ఈ పని అమ్మ ఫోనులో అమ్మతో కలిసే చేయాలి. పేజీ అక్కడి భాషలో ఉంటే అనువాదం మీట నొక్కితే సంగతి అర్థమవుతుంది. మీరు హిందీలోనో, ఇంగ్లీషులోనో రాసినా ఫరవాలేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పేజీలో రాసిన మాట అవతలివాళ్ళు ఎప్పుడు చదువుతారో మనకు తెలియదు. ఇంట్లో దొంగ పడితే, రోడ్డు మీద ప్రమాదం జరిగితే, ఎవరైనా వెంటపడితే పోస్టు రాస్తూ కూర్చోకండి. 112 నొక్కండి. పోలీసు, అగ్నిమాపక దళం, అంబులెన్సు మూడింటికీ అదే నెంబరు. ఏ రాష్ట్రానికి బదిలీ అయినా అది మారదు.