ధర్మద్రవ్యము – ధర్మకర్త జీతము

గోదావరి సీమలో పాత సత్రముల గోడలమీదను, పాఠశాలల వసారాలలోను, దేవాలయ మండపములందును దాతల పేర్లు చెక్కిన చలువరాతి పలకలు కనిపించుచుండును. ఒకరు గది కట్టించిరి. మరియొకరు తల్లిదండ్రుల జ్ఞాపకార్థము 1,116 రూపాయలు సమర్పించిరి. వేరొకరు ఎకరము భూమి వ్రాసియిచ్చిరి. వచ్చిన ధనమును గూర్చి రాయి ఇంత స్పష్టముగా చెప్పును. ఆ ధనము పిమ్మట ఏమైనదో చెప్పు రాయి మాత్రము ఎచ్చటను కానరాదు. గది మరమ్మతునకు ఎంత, వంటవానికి ఎంత, గుమాస్తాకు ఎంత, కార్యదర్శికి ఎంత అను లెక్క పలకమీదికి ఎక్కదు.

మన పెద్దలు దానమును గూర్చి చాల విచారించిరి. పుచ్చుకొనువాని యోగ్యత చూడవలెననిరి, అపాత్రదానము కూడదనిరి. ఇచ్చు చేతికి, పుచ్చుకొను చేతికి నడుమ మూడవ చేయి ఒకటి కలదను సంగతిని మాత్రము శాస్త్రములకంటె సామెతయే సూటిగా చెప్పినది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడను మాట ఆ మూడవ చేతిని చూచి పుట్టినదే. నేడు ఆ చేతికి సంఘమనియు, ట్రస్టనియు, ఫౌండేషననియు పేర్లు. దాత యిచ్చిన రూపాయిలో ఆ చేయి ఎంత ఉంచుకొనవచ్చును? దానిని నడుపు పెద్దలకు జీతమెంత ఉండవచ్చును? చందా పుస్తకము గడపలోనికి వచ్చిన ప్రతిసారియు ఈ ప్రశ్న లేవదగినదే.

మూడవ చేయి లేని దానమునకు ఈ సీమలో డొక్కా సీతమ్మగారి పేరు ప్రసిద్ధము. ఆమె 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి ఇల్లాలై, 1909లో కీర్తిశేషురాలగు వరకు ఆకలితో వచ్చినవారికి వేళ, కులము విచారింపక అన్నము పెట్టినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వార్షికోత్సవమునకు పిలుపు వచ్చినను ఆమె వెళ్ళలేదనియు, అందుచేత ఆమె ఛాయాచిత్రమును తెప్పించుకొని గౌరవించిరనియు కోనసీమలో చెప్పుకొందురు. అక్కడ దాతయు ఆమెయే, వడ్డించునదియు ఆమెయే. ధనాగారము ఆ ఇంటి గాదె. విస్తరిలో పడిన మెతుకే లెక్క. తినినవాడే ఆ లెక్కకు సాక్షి. వేరొక తనిఖీదారు అక్కరలేకపోయెను.

కాని అట్టి దానమునకు ఒక పరిమితి కలదు. అది దాత కనుచూపు మేరకే పని చేయును. దాత ఆయువు మేరకే నిలుచును. ధర్మము తన తరువాత కూడ నడువవలెనని కోరువాడు సంస్థను ఏర్పరుపక తప్పదు. ఈ అవసరమును రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాగుగా ఎరిగిరి. 1881 డిసెంబరు 11వ తేదీన వారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. పెండ్లితో ఖర్చు ముగియలేదు. వెలికి గురియైన దంపతులకు ఇల్లు చూపవలెను, జీవనోపాధి చూపవలెను; ఆ ఇండ్లలో పని చేయుటకు జంకువారిని ఒప్పించి తేవలెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి వంటివారి ధనసాహాయ్యము ఇట్టి పనులకు ఆధారమైనది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దమున పంతులుగారు హితకారిణీ సమాజమును నెలకొల్పి తమ ఆస్తిని దానికి వ్రాసియిచ్చిరి. వారు 1919లో గతించిరి. ఆ సమాజము పేరున విద్యాలయములు వారి అనంతరమును నిలిచినవి. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకరుగారు రంగూనులో గడించిన సంపదను విల్లు మూలమున ధర్మమునకు విడిచిరి. దాని ఫలితముగా జగన్నాథపురమున చదువుకొన్నవారు ఎందరో కలరు.

ఇట్టి సంస్థ ఏర్పడిన నాడే జీతముల పట్టీ ఏర్పడును. బడికి ఉపాధ్యాయుడు, వసతిగృహమునకు వంటవాడు, భూమికి కౌలు వసూలు చేయు గుమాస్తా, వీరందరిపైన ఒక నిర్వాహకుడు కావలెను. వీరెవ్వరును గాలి భుజించి బ్రతుకరు. దాతల మనస్సులో మాత్రము ఒక భ్రమ నాటుకొనియున్నది: జీతము పుచ్చుకొనినచో సేవ మలినమగునని. అట్లయినచో పాఠము చెప్పి జీతమందుకొను ప్రతి ఉపాధ్యాయుడును విద్యాద్రోహి కావలెను. జీతములేని సేవ చేయగలవాడు ఎవడు? ఇంట గాదె నిండినవాడు. సీతమ్మగారికి జోగన్నగారి సేద్యముండెను. ఆ వసతి లేని బీదయింటి యువకుడు సేవాసంస్థలో పని చేయదలచినచో వానికి నెలజీతము లేక దారి లేదు.

దీనికి బడిలోనే దృష్టాంతము కలదు. ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ అన్నమును వండు స్త్రీలకు ఇచ్చు గౌరవవేతనము 2019లో నెలకు 1,000 రూపాయల నుండి 3,000 రూపాయలకు పెరిగినది. ఆ పెంపువలన పథకపు నిర్వహణవ్యయము పెరిగినదని లెక్కలు వ్రాయువాడు చెప్పవచ్చును. వండిన తల్లికి న్యాయము కొంత దగ్గరపడినదని వేరొకడు చెప్పవచ్చును. రెండును ఒకే అంకెను గూర్చిన మాటలే. తక్కువ జీతము దానంతట అది సంస్థకు సుగుణము కాజాలదు.

భ్రమ రెండవ వైపున కూడ కలదు. జీతభత్యములు తమ ఇంటి విషయమనియు, దాతలకు దానితో పని లేదనియు కొందరు నిర్వాహకులు తలచుదురు. అమెరికాలో యునైటెడ్ వే అను మహాసంస్థ ఇట్టి తలంపు వలననే దెబ్బ తినినది. ఊరూర చందాలు పోగుచేయు శాఖలకు అది కేంద్రము. దాని అధ్యక్షుడు విలియం అరమోనీ భారీ జీతమును, విలాస ప్రయాణములును పత్రికలలో బయటపడగా 1992లో అతడు పదవి వదలవలసివచ్చెను. సంస్థ ధనమును స్వంతమునకు వాడుకొనిన నేరమునకు 1995లో శిక్ష పడెను. అంతలో ఎన్నియో ఊళ్ళ శాఖలు కేంద్రమునకు పంపు సొమ్మును నిలిపివేసినవి. ఒక్కని విలాసమునకు దూరమున నున్న అనాథలును, రోగులును మూల్యము చెల్లించిరి. అత్తసొమ్ము అల్లుడు దానము చేయుట అటుంచి, అల్లుడే అనుభవించినట్లయినది.

మన దేశపు చట్టములు ఈ విషయమున కొన్ని గట్లు వేసినవి. ఆదాయపు పన్ను మినహాయింపు పొందు ధర్మసంస్థ సాధారణముగా తన సంవత్సరాదాయములో 85 శాతమునైనను ధర్మకార్యములకు వినియోగింపవలెను. స్థాపకులకును, వారి బంధువులకును చేసిన పనికి మించిన జీతమిచ్చినచో ఆ మినహాయింపునకే ముప్పు వచ్చును. విదేశీ విరాళములు పుచ్చుకొను సంస్థల పరిపాలనావ్యయము 2010 చట్టము ప్రకారము 50 శాతమును మించరాదు. 2020 సవరణ ఆ హద్దును 20 శాతమునకు దించినది. పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సంఘహితమునకు ఖర్చు చేయవలెనని 2013 కంపెనీల చట్టము నియమించినది; అందు కంపెనీ పరిపాలనావ్యయము 5 శాతమును దాటరాదు.

గట్టు లేనిచో పొలము మునుగును. అయినను గట్టు ఎత్తు చూచి పంట ఎంతయో చెప్పలేము. రెండు సంస్థలు చెరి లక్ష రూపాయలతో కంటి శస్త్రచికిత్సలు చేయించినవనుకొందము. చికిత్స ఒక్కింటికి వెయ్యి రూపాయలు. మొదటిది పరిపాలనకు 5,000 మాత్రమే ఉంచుకొని 95 మందికి చికిత్స చేయించినది. రెండవది 20,000 ఉంచుకొని 80 మందికే చేయించినది. ఆ ఇరువది వేలతో ఒక నర్సును నియమించి, రోగుల ఇండ్లకు పంపి, చుక్కల మందు సరిగా వేయించినది. మొదటి సంస్థ రోగులలో 20 మందికి పట్టించుకొనువారు లేక కన్ను చెడినది. రెండవదానిలో ఇద్దరికి మాత్రమే చెడినది. చూపు దక్కినవారు అక్కడ 75 మంది, ఇక్కడ 78 మంది. శాతము మాత్రమే చూచిన దాత మొదటి సంస్థకే జోహారులర్పించును. ఈ పొరపాటును గుర్తించియే 2013లో అమెరికాలో ధర్మసంస్థలను తూచు మూడు ప్రముఖ సంస్థలు దాతలకు బహిరంగ లేఖ వ్రాసి, పరిపాలనావ్యయ శాతమొక్కటే కొలబద్ద కారాదని విన్నవించినవి.

లెక్క చూచుటలో ఇంకొక మెట్టు కలదు. దానిని గోదావరి మండలములకు నేర్పినది బైర్రాజు ఫౌండేషను చరిత్ర. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబము 2001లో బైర్రాజు సత్యనారాయణరాజుగారి స్మృత్యర్థము దానిని స్థాపించినది. పశ్చిమగోదావరి మొదలగు జిల్లాలలో ఇంచుమించు 200 గ్రామములకు అది విస్తరించినది. చుట్టును కాలువలున్నను త్రాగ మంచినీరు కరవైన పల్లెలలో నీటిశుద్ధి కేంద్రములు పెట్టినది. గ్రామస్థులు కొద్దిపాటి రుసుము చెల్లించి బిందెలు నింపుకొనిరి. వైద్యము, విద్య, గ్రామములలోనే కంప్యూటరు ఉద్యోగములు – అన్నిటను జీతమందుకొను నిపుణుల చేత పని చేయించినది. బిందెలోని నీరు నిజమైనది. కాని 2009 జనవరి 7న సత్యం లెక్కలు కల్పితములని రామలింగరాజే లేఖ మూలమున ఒప్పుకొనిరి. దానితో ఫౌండేషనుకు వెనుకనున్న అండ కూలినది. సంస్థ ఎట్లు ఖర్చు చేయుచున్నదను ప్రశ్నతో పాటు, ఆ ధనము ఎచ్చటినుండి వచ్చుచున్నది, ఆ ఊట ఎండినచో పని ఎట్లు సాగును అను ప్రశ్నలు కూడ అడుగవలెనని ఆ ఉదంతము తెలిపినది. ఒకే దాతపై ఆనిన ధర్మము, సీతమ్మగారి గాదె వలెనే, ఆ ఒక్కరి బ్రతుకుతో ముడివడియుండును.

ఇన్నిటిని కలిపి చూచినచో తేలు విషయము ఒక్కటి. జీతము పెద్దదా చిన్నదా అనునది రెండవ ప్రశ్న. అది అందరి కంటికి కనబడుచున్నదా అనునది మొదటి ప్రశ్న. బహిరంగముగా వ్రాసిన జీతమును దాత సమర్థింపవచ్చును, ఆక్షేపింపవచ్చును, మానుకొని వేరొక సంస్థకు చందా ఈయవచ్చును. దాచిన జీతమునకు, అది ఎంత స్వల్పమైనను, ఈ పరీక్ష లేదు. జీతమే లేదని చెప్పుకొను సంస్థలో కారు, బసలు, బంధువులకు ఇచ్చిన కాంట్రాక్టులు ఏ పద్దు క్రింద పోవుచున్నవో చూడక నమ్మరాదు.

ప్రభుత్వ ధనముతో గణనీయముగా నడుచు విద్యాసంస్థలును, స్వచ్ఛంద సంస్థలును సమాచార హక్కు చట్టమునకు లోబడినవేనని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. కావున అట్టి ఎయిడెడ్ కళాశాల జమాఖర్చులను అడుగు అధికారము పౌరునకు కలదు. చందాలతో మాత్రమే నడుచు సంస్థ విషయమున ఆ అధికారము లేకపోవచ్చును. అడుగు మర్యాద మాత్రము ఎన్నటికిని ఉన్నది. ఆడిటరు సంతకముతో కూడిన లెక్క ఉన్నదా? అందరికంటె ఎక్కువ జీతము ఎవరికి, ఎంత? ఆ జీతమును నిర్ణయించినవారు ఎవరు? నిరుడు చేసిన పనివలన ఎవరికి ఏమి మేలు కలిగినది? ఈ నాలుగు ప్రశ్నలకు నొచ్చుకొను ధర్మకర్త చేతికి చందా పుస్తకము అప్పగింపకుండుటయే మేలు.

వరదలు వచ్చినను, తుఫాను వచ్చినను ఈ సీమలో మొదట చందాలు పోగగునది పాఠశాలలలోనే. పూర్వవిద్యార్థులు దూరదేశముల నుండి బడికి గదులు కట్టించుటయు పెరిగినది. కాబట్టి లెక్క చెప్పు అలవాటు బడిలోనే మొదలు కాదగును. చలువరాతి పలక ప్రక్కన ఒక నల్లబల్ల వ్రేలాడదీసి, ఏటేట వచ్చినది, పోయినది, మిగిలినది సుద్దముక్కతో వ్రాయుటకు పెద్ద ఖర్చు కాదు. శాతముల లెక్క నేర్పు ఉపాధ్యాయునకు ఆ బల్లమీది అంకెలకంటె మంచి ఉదాహరణము దొరకదు. పిల్లలు ఆ కూడికలు సరిచూచి, తప్పున్నచోట చేయెత్తి చెప్పుదురు.