ఐదుగురు పిల్లలు, ఒక్క బోరు

బాగేపల్లి దగ్గరి బడి నుంచి ఒక టీచరమ్మ రాశారు: "మూడో తరగతి పిల్లలతో ట్యాబులో నీటి పొదుపు ఆట ఆడిస్తున్నాం. కారే కుళాయి మీద వేలు పెడితే ఆగిపోతుంది, చప్పట్లు వినిపిస్తాయి. దీనివల్ల ఏమైనా తలకెక్కుతుందా? పైగా ఐదుగురికి ఒకటే ట్యాబు."

తలకెక్కదు. కుళాయి కట్టేయడం మంచి అలవాటే. కానీ బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం వైపు నీళ్ళు అయిపోయింది కుళాయి కారి కాదు. చిత్రావతి, పాపాగ్ని నంది కొండల్లోనే పుట్టినా, అక్కడ ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. ఉన్నది రాతి పగుళ్ళలోకి ఇంకిన వాన నీరు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింటు చూసేవాళ్ళు చెప్పే పాతాళగంగ వట్టిమాట. వెయ్యి అడుగులు దాటి దించినా బోరు వెతికేది ఆ పగుళ్ళనే. పక్క చేను బోరు పీల్చేదీ వాటినే.

చెరువైతే నీళ్ళు కంటికి కనిపించేవి. తూము ఎత్తి, ఏ మడికి ఎంతో పంచడానికి నీరుగంటి ఉండేవాడు. బోరు నీళ్ళు కనిపించవు, వాటికి నీరుగంటీ లేడు. ట్యాబు చేయగల ఘనకార్యం ఇక్కడుంది: నేలను గాజుతొట్టిలా చేసి చూపించడం!

ఐదుగురు పిల్లలకూ తలా ఒక చేను, అందరికీ ఒకే తొట్టి, అందులో 50 ట్యాంకర్ల నీళ్ళు ఉన్నాయనుకోండి. ఏటా వాన 5 పోస్తుంది. రాగి చేను 1 తాగుతుంది. టమాటా 3 తాగుతుంది, డబ్బూ ఎక్కువిస్తుంది. ఐదుగురూ రాగి వేస్తే మట్టం కదలదు. ఒక్కరు టమాటాకు మారితే ఏటా 2 తగ్గుతుంది, తొట్టి ఖాళీ కావడానికి పాతికేళ్ళు పడుతుంది, ఎవరూ గమనించరు. ఐదుగురూ మారితే ఏటా 10 తగ్గి, ఐదేళ్ళకు తొట్టి ఖాళీ. ఆరో ఏడు వాన తెచ్చే 5 ట్యాంకర్లు రెండు టమాటా చేలకే చాలవు. ఐదు రాగి చేలకు సరిగ్గా సరిపోయేవి! లాభం ఈ ఏడే నా జేబులోకి, నష్టం ఆరో ఏట అందరికీ. ఈ ఆలస్యమే కీలకం. కుళాయి ఆటలో అది లేదు.

1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త, అడ్డూ అదుపూ లేని ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదని సిద్ధాంతం చేశాడు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుని తామే దారి చూసుకోగలరన్న సంగతిని ఆయన పెద్దగా పట్టించుకోలేదు. స్పెయిన్ కాలువల దగ్గర, స్విస్ పచ్చికబయళ్ళలో జనం తామే నియమాలు పెట్టుకుని శతాబ్దాలు నడిపారని ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు చూపించి, 2009లో నోబెల్ అందుకుంది. మన నీరుగంటిని చూసి ఉంటే హార్డిన్ ఆ వ్యాసం రాసేవాడు కాదేమో!

ఇలాంటి పంటల ఆటనే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పెద్దవాళ్ళతో ఆడించి చూశారు. ఆడిన ఊళ్ళలో నీటి లెక్కల పుస్తకాలు, కట్టుబాట్లు పెట్టుకోవడం ఎక్కువైందని రూత్ మైన్‌జెన్-డిక్ పరిశోధక బృందం 2018లో ప్రకటించింది. మన పిల్లలకు మాత్రం ఇంకా చప్పట్ల కుళాయే.

టీచరమ్మగారూ, ఐదుగురికి ఒకటే ట్యాబు అన్నారు. రెండోది అడగకండి. వేరే ట్యాబు ఇస్తే ఎవరి తొట్టి వాళ్ళదవుతుంది. ఒకటే ఉంచి, ఏ పంట వేయాలో వాళ్ళనే పోట్లాడుకోనివ్వండి.