బల్కంపేట నుంచి డల్లాస్ ఎంత దూరం?

గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర దారం కొస పెట్టి, రెండో కొసను డల్లాస్ దాకా బిగించి లాగండి. దారం దుబాయ్ వైపు పోదు, లండన్ వైపూ పోదు. తిన్నగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల పక్కగా దాటి, కెనడా మీదుగా టెక్సాస్‌లో దిగుతుంది. భూమి మీద ఆ దారం పొడవు దాదాపు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్‌కు పదహారు, పదిహేడు గంటల ప్రయాణం. మరి బల్కంపేటలో పచ్చళ్ల డబ్బాలకు టేపు చుట్టి, సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమోనని తూచుకుంటున్న ఇంటివాళ్ల ప్రయాణం ఇరవై నాలుగు గంటలు ఎందుకవుతోంది? ఆ అదనపు గంటల్ని తినేస్తున్నది దూరం కాదని, మధ్యలో దిగి ఎక్కడమేనని నా వాదన.

శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్ 12,900 పైచిలుకు. రెండూ కలిపినా నేరు దారి కన్నా ఏడు శాతమే ఎక్కువ. వేగం లెక్కన గంటా పది నిమిషాలు. కానీ మొదటి విమానం నాలుగు గంటలు, రెండోది పదహారు. నడుమ మళ్లీ తనిఖీ, మళ్లీ గేటు, మళ్లీ పడిగాపులు. గడియారం దీన్ని దాచిపెడుతుంది కూడా. వేసవిలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు ఇక్కడ ఎక్కితే అదే సోమవారం సాయంత్రం 5.30కి డల్లాస్‌లో దిగుతారు. టికెట్టు చూస్తే పదమూడున్నర గంటలే. అక్కడి సమయం మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఒంటికి మాత్రం ఇరవై నాలుగు గంటల అలసటా తెలుస్తుంది. ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఇంకా పెరుగుతుంది. బల్కంపేటకు రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న బేగంపేట నుంచి విమానాలు 2008 మార్చి 23న శంషాబాద్‌కు తరలాక, ముందు రోడ్డు మీదే ముప్పై కిలోమీటర్లు పోవాలి.

నేరు విమానం దండగని అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అంత దూరం ఆగకుండా పోవాలంటే, చివరి గంటల్లో మండే ఇంధనాన్ని మోయడానికే మొదటి గంటల్లో బోలెడు ఇంధనం మండాలి. సీట్లు తగ్గుతాయి, టికెట్టు ధర పెరుగుతుంది. అమీర్‌పేటలో కోర్సు చేసి తొలిసారి వెళ్తున్న కుర్రాడు చుట్టుదారినే ఎంచుకుంటాడు, అది సబబే. అయితే మనవడిని చూడ్డానికి వెళ్లే డెబ్బై ఏళ్ల దంపతుల సంగతి వేరు. తెలుగు తప్ప మరో భాష రాని ఆ తల్లి, తెలియని విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చుని, తనను తోసేవాళ్లు ఎప్పుడొస్తారో అడగలేక ఎదురుచూసే రెండు గంటలను ఏ కిలోమీటర్ల పట్టికలో వేస్తాం? మొదటి విమానం ఆలస్యమైతే రెండోది తప్పిపోయే భయం ఆమెకు దారి పొడవునా ఉంటుంది.

ఒకసారి నడిపి చూశారుగా అంటారు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నేరు విమానం మొదలుపెట్టిన మాట నిజమే. దారి దాదాపు 13,300 కిలోమీటర్లు. ఆ తర్వాత అది ఆగిపోయింది. కానీ అది 238 సీట్ల బోయింగ్ 777, వారానికి ఒక్కసారి, అదీ కొవిడ్ ఆంక్షల మధ్య. శుక్రవారం తప్పితే మళ్లీ శుక్రవారం దాకా ఆగాల్సిన విమానంతో గిరాకీని కొలవడం తొందరపాటు. 2025 ఏప్రిల్ నుంచి మన విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూసుకుపోవడం పెద్ద అడ్డంకే, ఒప్పుకుంటాను. అది తెరుచుకున్న రోజున వారానికి కనీసం మూడు సార్లు, ఓ రెండేళ్లు నడిపి, అప్పుడు లాభనష్టాల చిట్టా చూపించమనండి.